ఆరోగ్యంపై ప్రభుత్వ ఖర్చు: దేశాల మధ్య పోల్చాలంటే ఏ అంకె పట్టుకోవాలి?

పట్టికపని
ఒక తెలుగు మాసపత్రికకు వ్యాసం రాస్తున్నాను. ఇండియా, శ్రీలంక, థాయ్‌లాండ్, బ్రిటన్, స్విట్జర్లాండ్, అమెరికా: ఈ ఆరు దేశాల్లో ప్రభుత్వం ఆరోగ్యానికి జీడీపీలో ఎంత శాతం ఖర్చు పెడుతోందో ఒక పట్టిక ఇవ్వాలి. ఇండియా వరసలోనే ఆగిపోయాను. 2021-22కి ఎకనమిక్ సర్వే 2.2 శాతం అంటోంది. నేషనల్ హెల్త్ అకౌంట్స్ (ఎన్‌హెచ్‌ఏ, దేశ ఆరోగ్య ఖర్చుల అధికారిక ఖాతాలు) 1.84 అంటోంది. డబ్ల్యూహెచ్‌ఓ డేటాబేస్‌లో అంతకన్నా తక్కువ కనిపిస్తోంది. ఏది వేయాలి? తెలిసినవారు చెప్పగలరు.

ఖజానాకిటికీ
మూడింట్లో ఏదీ తప్పు కాదండీ, మూడూ వేర్వేరు వాటిని కొలుస్తున్నాయి.

2.2 సంగతి ముందు చూద్దాం. ఎకనమిక్ సర్వేలో సామాజిక సేవల పట్టిక కింద సన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంటుంది. వైద్యం, ప్రజారోగ్యం, కుటుంబ సంక్షేమంతో పాటు నీటి సరఫరా, పారిశుధ్యం కూడా అక్కడ 'ఆరోగ్యం' కిందకే వస్తాయి. రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు తిరగేసేవారికి ఇది మేజర్ హెడ్లలో కనబడుతుంది: 2210 వైద్యం, ప్రజారోగ్యం, 2211 కుటుంబ సంక్షేమం, 2215 నీటి సరఫరా, పారిశుధ్యం. కట్టడాల ఖర్చు 4210, 4211, 4215లో పడుతుంది. 2215ని కలిపితే ఊళ్లో మంచినీటి పైపులైను కూడా ఆరోగ్య వ్యయమే. పైగా 2.2 అనేది సవరించిన అంచనా, ఖర్చయిన లెక్క కాదు. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అని మూడు దశలుంటాయి. మూడోది రెండేళ్ల తర్వాత బడ్జెట్ పత్రాల్లో గానీ చేతికి రాదు.

కలిపేస్తే ఎంత తేడా వస్తుందో 2021-22 కేంద్ర బడ్జెట్‌లో చూడొచ్చు. 'ఆరోగ్యం, శ్రేయస్సు' పద్దు కింద 2,23,846 కోట్లు, ముందేటి 94,452 కోట్ల మీద 137 శాతం పెంపు అని ప్రకటించారు. ఆ మొత్తాన్ని విడగొట్టండి. ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ 71,269 కోట్లు. ఆరోగ్య పరిశోధన 2,663. ఆయుష్ 2,970. కోవిడ్ టీకా 35,000. తాగునీరు, పారిశుధ్యం 60,030. పోషకాహారం 2,700. ఆర్థిక సంఘం గ్రాంట్లలో నీరు, పారిశుధ్యానికి 36,022, ఆరోగ్యానికి 13,192. అంటే నీరు, పారిశుధ్యం రెండు పద్దులూ కలిపి 96,052 కోట్లు, ఆరోగ్య శాఖ సొంత కేటాయింపు కన్నా ఎక్కువ. మంచినీళ్లు ఆరోగ్యానికి అవసరమే, అందులో వాదన లేదు. కానీ థాయ్‌లాండ్ లెక్కలో పైపులైన్లు లేనప్పుడు మన లెక్కలో ఉంచి పక్కపక్కన పెడితే చదివేవాళ్లను పక్కదారి పట్టించినట్టే.

లెక్కలఅరుణ
ఖజానాకిటికీ గారు చెప్పినదానికి కొనసాగింపు. 1.84 ఎలా వచ్చిందో, డబ్ల్యూహెచ్‌ఓ దగ్గర ఎందుకు తగ్గుతుందో చెబుతాను.

నేషనల్ హెల్త్ అకౌంట్స్ తయారీకి 2014 నుంచి కేంద్ర ఆరోగ్య శాఖ కింది ఎన్‌హెచ్‌ఎస్‌ఆర్‌సీ అనే సంస్థ సాంకేతిక సచివాలయంగా ఉంది. అనుసరించే చట్రం ఎస్‌హెచ్‌ఏ 2011 (సిస్టమ్ ఆఫ్ హెల్త్ అకౌంట్స్, ఆరోగ్య ఖాతాల అంతర్జాతీయ పద్ధతి). ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల ఆర్థిక కూటమి), యూరోస్టాట్ (ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ), డబ్ల్యూహెచ్‌ఓ కలిసి రూపొందించింది. ఇందులో తాగునీరు, పారిశుధ్యం ఉండవు. ఆరోగ్య శాఖ బయట జరిగే ఖర్చు మాత్రం వచ్చి చేరుతుంది: ఈఎస్‌ఐ, రైల్వే ఆసుపత్రులు, రక్షణ శాఖ ఆసుపత్రులు, మునిసిపాలిటీలు పెట్టేది. అందుకే ఆరోగ్య శాఖ బడ్జెట్ ఒక్కటే చూసినా చాలదు.

2021-22లో దేశం మొత్తం ఆరోగ్య వ్యయం 9,04,461 కోట్లు, జీడీపీలో 3.83 శాతం. అందులో ప్రభుత్వ వాటా 48 శాతం, అదే జీడీపీలో 1.84. తలకు 3,169 రూపాయలు. 2014-15లో ఈ వాటా 29 శాతం, జీడీపీలో 1.13, తలకు 1,108.

ఇక్కడో మెలిక ఉంది. మనం వాడే 'మొత్తం ఆరోగ్య వ్యయం'లో మూలధనం కూడా కలిసే ఉంటుంది, కొత్త భవనాలు, యంత్రాల లాంటివి. 2021-22లో ఇది దాదాపు ఎనిమిదో వంతు. ఎస్‌హెచ్‌ఏ 2011లో ప్రధాన సూచిక మాత్రం 'ప్రస్తుత ఆరోగ్య వ్యయం'. మూలధనాన్ని విడిగా రాస్తారు. డబ్ల్యూహెచ్‌ఓ, ప్రపంచ బ్యాంకు చూపించే ప్రభుత్వ వ్యయం ఈ ప్రస్తుత వ్యయంలోని భాగమే, అదీ దేశీయ వనరుల నుంచి వచ్చినదే. విదేశీ సాయం ప్రభుత్వ ఖజానా ద్వారా ఖర్చయినా అందులో లెక్కించరు. అందుకే అంకె దిగుతుంది.

మీ పట్టికకు డబ్ల్యూహెచ్‌ఓ అంకెలే వాడండి, ఆరు దేశాలకూ ఒకే కొలత దొరుకుతుంది. 1.84ని వ్యాసంలో ఇండియా గురించి రాసేచోట, జాతీయ ఆరోగ్య విధానం 2017 పెట్టుకున్న 2.5 శాతం లక్ష్యంతో పోల్చడానికి ఉంచండి. ఆ లక్ష్యానికి గడువు 2025.

జ్యూరిక్‌తెలుగు
డబ్ల్యూహెచ్‌ఓ అంకె తీసుకున్నా స్విట్జర్లాండ్ దగ్గర మళ్లీ చిక్కుపడతారు. ఇక్కడ 1996 నుంచి ఆరోగ్య బీమా అందరికీ తప్పనిసరి. బీమా అమ్మేవి ప్రైవేటు సంస్థలు, ప్రీమియం కట్టేది కుటుంబం, కట్టి తీరాలని చెప్పేది చట్టం. ఇది ప్రభుత్వ ఖర్చా, ప్రైవేటు ఖర్చా?

ఎస్‌హెచ్‌ఏలో జవాబు మీరు ఏ వైపు నుంచి అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. డబ్బు ఏ పథకం ద్వారా ఖర్చయింది అని అడిగితే హెచ్‌ఎఫ్ కోడ్లు: ప్రభుత్వ పథకాలు, చట్టప్రకారం తప్పనిసరైన బీమా రెండూ హెచ్‌ఎఫ్.1. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగితే ఎఫ్‌ఎస్ కోడ్లు: ప్రభుత్వ ఆదాయం ఎఫ్‌ఎస్.1, సామాజిక బీమా చందాలు ఎఫ్‌ఎస్.3, తప్పనిసరి ప్రైవేటు ప్రీమియం ఎఫ్‌ఎస్.4. ఓఈసీడీ పట్టికల్లో 'ప్రభుత్వ, తప్పనిసరి' అని ఉండేది మొదటి రకం. డబ్ల్యూహెచ్‌ఓ 'దేశీయ ప్రభుత్వ వ్యయం' రెండో రకం, అందులో ఎఫ్‌ఎస్.1, ఎఫ్‌ఎస్.3 మాత్రమే కలుస్తాయి. అందుకే ఓఈసీడీలో స్విస్ వాటా సుమారు మూడింట రెండు వంతులు ఉంటే, డబ్ల్యూహెచ్‌ఓలో మూడో వంతు దరిదాపుల్లో ఉంటుంది.

అమెరికాకూ ఇదే వర్తిస్తుంది. ఒబామా తెచ్చిన చట్టంలో బీమా తప్పనిసరి నిబంధన 2014లో అమల్లోకి వచ్చింది. దాంతో ఓఈసీడీ పట్టికలో 'ప్రభుత్వ, తప్పనిసరి' వాటా ఆ ఒక్క ఏడాదిలో సగం దగ్గర నుంచి 80 శాతం పైకి ఎగిరింది. ప్రభుత్వం ఖర్చు అంత పెంచలేదు. కంపెనీలు ఉద్యోగులకు ఇచ్చే బీమా పాత గడి నుంచి కొత్త గడిలోకి మారిందంతే. గ్రాఫ్ గీస్తే 2014 దగ్గర నిలువు గీత పెట్టి వర్గీకరణ మారిందని కింద రాయండి.

నల్లమల
ఇదంతా సరే. సామాన్యుడికి కావలసింది తన జేబులోంచి ఎంత పోతోందన్నదే కదా. ఇండియాలో సొంత ఖర్చు వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి 39.4. ఇది పెద్ద విజయం. మన వాళ్లు ఎవరూ దీని గురించి రాయరెందుకు?

లెక్కలఅరుణ
నల్లమల గారూ, తగ్గిన మాట నిజమే. కానీ ఆ వరసను ఏడాదికేడాది చూడండి. 2016-17లో 58.7. 2017-18లో 48.8. ఒక్క ఏడాదిలో పది శాతం పాయింట్లు. తర్వాత 48.2, 47.1, 44.4, 39.4.

ఆ పది పాయింట్ల దగ్గర సర్వే మారింది. 2016-17 వరకు లెక్కలకు ఆధారం ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ నమూనా సర్వే) 71వ రౌండ్, 2014 జనవరి నుంచి జూన్ దాకా జరిగింది. 2017-18 నుంచి 75వ రౌండ్, 2017 జూలై నుంచి 2018 జూన్ దాకా. ఒకటి ఆరు నెలలది, రెండోది పన్నెండు నెలలది. గత 15 రోజుల్లో జబ్బు చేసిందని చెప్పినవారు 71వ రౌండ్‌లో గ్రామాల్లో 8.9 శాతం, పట్టణాల్లో 11.8. 75వ రౌండ్‌లో 6.8, 9.1. జబ్బు చేసిందని చెప్పేవారే తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. జనం నిజంగా ఆరోగ్యవంతులయ్యారా, అడిగిన తీరు వల్ల తక్కువ నమోదైందా అన్నది ఆ రెండు సర్వేలతోనే తేలదు.

ఆ తర్వాతి ఏళ్లకూ 75వ రౌండ్‌నే ఆధారం చేసుకుని ముందుకు పొడిగించారు. అంటే 2020-21, 2021-22లో ఆక్సిజన్ కోసం, మంచం కోసం కుటుంబాలు పెట్టిన ఖర్చును ఆ ఏళ్లలో ఇంటింటికీ వెళ్లి అడిగిన సర్వే ఏదీ ఈ లెక్క వెనక లేదు. 80వ రౌండ్ ఆరోగ్య సర్వే 2025లో జరిగింది, ఆ వివరాలు ఖాతాల్లోకి ఎక్కేదాకా 39.4ని జాగ్రత్తగా వాడాలి.

ఖజానాకిటికీ
ఒక్క సవరణ. తగ్గుదల అంతా సర్వే మాయే అనుకుంటే అదీ పొరపాటు. ప్రభుత్వ వ్యయం తలకు 1,108 నుంచి 3,169 కావడం బడ్జెట్ పుస్తకాల్లోంచి వచ్చిన లెక్క, సర్వేతో పనిలేదు. మొత్తం ప్రభుత్వ ఖర్చులో ఆరోగ్యం వాటా కూడా 3.94 నుంచి 6.12 శాతానికి పెరిగింది. ప్రభుత్వ ఖర్చు పెరిగిందన్నది నమ్మదగిన మాటే, సొంత ఖర్చు ఎంత తగ్గిందన్నదే అనుమానం.

నల్లమల
అర్థమైంది. మరి ఆరోగ్యశ్రీ ఎక్కడ పడుతుంది? డబ్బు ప్రభుత్వానిది, ఆసుపత్రి ప్రైవేటుది.

లెక్కలఅరుణ
ఒక డయాలసిస్ రోగిని తీసుకుందాం. ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రిలో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. ఆరోగ్యశ్రీ ట్రస్టు ప్యాకేజీ ధర ప్రకారం ఆసుపత్రికి చెల్లించేదంతా ప్రభుత్వ వ్యయమే. పథకం వైపు నుంచి చూస్తే ప్రభుత్వం, సేవ ఇచ్చినవారి వైపు నుంచి చూస్తే ప్రైవేటు ఆసుపత్రి. ఒకే రూపాయి రెండు పట్టికల్లో రెండు పేర్లతో కనిపిస్తుంది, అందుకే 'ప్రభుత్వ వ్యయం' పెరిగితే ప్రభుత్వ ఆసుపత్రులు బాగుపడ్డాయని అర్థం కాదు.

అదే రోగి రక్తం పెరగడానికి వాడే ఇంజక్షన్‌ను బయట మెడికల్ షాపులో కొంటే అది సొంత ఖర్చు. ఇంట్లోవాళ్లు విడిగా తీసుకున్న మెడిక్లెయిమ్ ప్రీమియం మాత్రం సొంత ఖర్చు కింద రాదు, స్వచ్ఛంద బీమా కింద పోతుంది. కనుక 39.4 అనేది కుటుంబాల భారమంతా కాదు. డయాలసిస్ రోజున పోయిన కూలి ఏ పద్దులోనూ ఉండదు. కుటుంబం ఎంత కుంగిందో చెప్పేది వేరే సూచిక: సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 3.8.2. ఇంటి ఖర్చులో పదో వంతు, లేదా పావు వంతు దాటి వైద్యానికి పెట్టినవారెందరో అది చెప్పేది; 2025లో దాని నిర్వచనం మార్చారు.

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైనప్పటి నుంచి ఆరోగ్యశ్రీ బలం పెద్ద చికిత్సలే. ఓపీ, మందుల షాపు ఖర్చు చాలావరకు బయటే మిగిలింది. సొంత ఖర్చు గట్టిగా దిగాలంటే తాకాల్సింది దాన్నే.

ఉష్ణదేశం
ఆ మాటకు థాయ్‌లాండ్ మంచి ఉదాహరణ. 2000లో వాళ్ల సొంత ఖర్చు వాటా దాదాపు మూడో వంతు, ఇప్పుడు పదో వంతు దరిదాపుల్లో ఉంది. మొత్తం ఆరోగ్య వ్యయం జీడీపీలో నాలుగైదు శాతమే. మనకన్నా విపరీతంగా ఖర్చు పెట్టి సాధించింది కాదు.

2002లో చట్టం చేసి, ప్రభుత్వోద్యోగుల పథకం, ఉద్యోగుల సామాజిక భద్రత రెండింట్లోనూ లేనివారందరినీ, అంటే జనాభాలో దాదాపు నాలుగింట మూడొంతుల మందిని, ఒకే పథకంలోకి తెచ్చారు. మొదట్లో ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా 30 బాత్ కట్టాల్సి ఉండేది. ప్రభుత్వం మొదట్లో తలకు ఏడాదికి 1,202 బాత్ లెక్కన నిధి ఇచ్చింది. ఓపీకి తలసరి మొత్తం, ఇన్‌పేషెంట్లకు జబ్బుల వర్గాల వారీ ధర, అదీ ముందే గిరిగీసిన మొత్తం బడ్జెట్ లోపల. ఎక్కువ పరీక్షలు రాస్తే ఎక్కువ డబ్బు వచ్చే దారి అక్కడ మూసుకుపోయింది. మందులు కూడా ఆ నిధిలోనే.

ఇది 2002లో హఠాత్తుగా పని చెయ్యలేదు. కొత్త డాక్టర్లు మూడేళ్లు ప్రభుత్వ సేవ చెయ్యాలన్న నిబంధన 1970ల నుంచే ఉంది, జిల్లా ఆసుపత్రులు అప్పటికే కట్టి ఉన్నాయి. ఆసుపత్రులు, డాక్టర్లు లేనిచోట పథకం పేరు మాత్రం తెచ్చుకుంటే ఈ ఫలితం రాదని నా గట్టి అభిప్రాయం.

పట్టికపని
శ్రీలంక సంగతి? ప్రభుత్వ వ్యయం తక్కువే, ప్రసూతి మరణాలు కూడా చాలా తక్కువ. సొంత ఖర్చు మాత్రం ఎక్కువ. ఈ మూడూ ఎలా పొసుగుతాయి?

ఉష్ణదేశం
ప్రభుత్వ వ్యయం జీడీపీలో 2 శాతం లోపే. కానీ ఇన్‌పేషెంట్ సేవల్లో దాదాపు 95 శాతం ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే, ఉచితంగా. ఓపీలో మాత్రం సగం ప్రైవేటు. సాయంత్రం ప్రైవేటు క్లినిక్, మందుల షాపు, ల్యాబ్: జనం జేబు ఖర్చు అక్కడ పోతుంది. ఖరీదైన జబ్బుకు ప్రభుత్వ మంచం దొరుకుతుంది కనుక అప్పులపాలయ్యేవారు తక్కువ. మనకు దాదాపు తలకిందులు. ఒక్క 'సొంత ఖర్చు శాతం' చూసి రెండు దేశాలూ ఒకే రకం అనుకోకూడదు.

హారంచూడు
ఎవరూ హారం గురించి మాట్లాడటం లేదు. శాతం మారిందంటే పై అంకె మారి ఉండొచ్చు, కింది అంకె మారి ఉండొచ్చు. ఐర్లాండ్ జీడీపీ 2015లో ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగింది, బహుళజాతి కంపెనీలు తమ ఆస్తులను అక్కడి పుస్తకాల్లోకి మార్చడంతో. ఆరోగ్యానికి ఒక్క యూరో కోత పెట్టకుండానే జీడీపీలో శాతం కుప్పకూలింది. అందుకే వాళ్ల గణాంక సంస్థ సవరించిన జాతీయాదాయంతో కూడా శాతం ఇస్తుంది. మన దగ్గర 2020-21లో ధరలు కలిపిన జీడీపీయే తగ్గింది, కాబట్టి ఆ ఏటి శాతం కొంత దానంతటదే పెరుగుతుంది.

మీ ఆరు దేశాల్లో బ్రిటన్ కూడా ఉంది కదా. 2016లో వాళ్లు ఎస్‌హెచ్‌ఏ 2011కి మారి, వృద్ధుల దీర్ఘకాలిక సంరక్షణను లెక్కలో చేర్చారు. జీడీపీలో ఎనిమిదిన్నర శాతం దగ్గర ఉన్న మొత్తం ఆరోగ్య వ్యయం పదికి చేరువైంది. పాత నివేదికలో అంకె, కొత్త నివేదికలో అంకె కలిపి గీత గీస్తే లేని పెరుగుదల కనిపిస్తుంది. ఎప్పుడూ ఒకే విడుదలలోంచి మొత్తం వరస తీసుకోండి. పాత ఏళ్లను కూడా వాళ్లు అందులో వెనక్కి సవరించి ఉంటారు.

నమూనాలెక్క
ఖర్చు పక్కన ఫలితాలు కూడా పెడతారేమో, అందుకని ప్రసూతి మరణాల గురించి ఒక హెచ్చరిక. ఇండియాకు ఎస్‌ఆర్‌ఎస్ (జనన మరణాల నమూనా నమోదు వ్యవస్థ) 2018-20 అంకె లక్ష సజీవ జననాలకు 97. ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా 2020కి 103. మొదటిది సర్వే ఫలితం, రెండోది అన్ని దేశాలకూ ఒకే గణిత సూత్రాలతో వేసిన అంచనా. దేశాల పట్టికలో రెండోదే వాడాలి, రాష్ట్రాల పట్టికలో మొదటిదే దిక్కు.

రాష్ట్రాల్లో 2018-20కి కేరళ 19, తెలంగాణ 43, ఆంధ్రప్రదేశ్ 45. మన రెండు రాష్ట్రాల మధ్య ఆ రెండు పాయింట్ల తేడా మీద పత్రికల్లో పేరాలు రాశారు. ఎస్‌ఆర్‌ఎస్ అంటే దేశమంతటికీ సుమారు 8,800 నమూనా యూనిట్లు. ప్రసూతి మరణాలు అరుదు కాబట్టే మూడేళ్లవి కలిపి లెక్కిస్తారు. నివేదికలోనే ప్రతి అంకె పక్కన విశ్వాస అవధి (అసలు విలువ ఏ అంకెల మధ్య ఉండొచ్చో చెప్పే హద్దులు) ఇస్తారు, అది చూస్తే 43కీ 45కీ తేడా చెప్పలేమని తేలిపోతుంది. మరణ కారణాలైతే ఇంకా కష్టం: 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. గుండెజబ్బు మరణాల్లో బ్రిటన్‌తో మనల్ని పోల్చే పట్టిక ఎవరైనా వేస్తే, మన గడిలో ఉన్నది ఎక్కువగా అంచనాయేనని గుర్తుంచుకోండి.

జ్యూరిక్‌తెలుగు
పని దగ్గరికి వస్తే, పట్టికపని గారూ, ఇలా చేయండి. డబ్ల్యూహెచ్‌ఓ గ్లోబల్ హెల్త్ ఎక్స్‌పెండిచర్ డేటాబేస్ తెరిచి ఆరు దేశాలూ ఎంచుకుని, 2000 నుంచి చివరి ఏడాది దాకా ఒకేసారి ఎక్సెల్‌లో దింపుకోండి. నాలుగు సూచికలు చాలు: ప్రస్తుత వ్యయం జీడీపీలో శాతం, దేశీయ ప్రభుత్వ వ్యయం జీడీపీలో శాతం, అదే మొత్తం ప్రభుత్వ ఖర్చులో శాతం, సొంత ఖర్చు ప్రస్తుత వ్యయంలో శాతం. స్విట్జర్లాండ్, అమెరికాలకు తప్పనిసరి ప్రీమియం కోసం ఐదో గడి తప్పకుండా పెట్టండి. దింపుకున్న తేదీ ఫైలు పేరులోనే రాయండి, ఏటా విడుదలతో పాత అంకెలూ మారతాయి. ఎన్‌హెచ్‌ఏ నుంచి తెచ్చిన సొంత ఖర్చు శాతాన్ని ఈ వరసలో కలపవద్దు: అక్కడ హారం మూలధనం కలిసిన మొత్తం, ఇక్కడ మూలధనం లేని మొత్తం. 2021-22కి అదే 3,56,254 కోట్లను మూలధనం తీసేసిన మొత్తంతో భాగిస్తే 39.4 కాస్తా 45 దాకా వెళ్తుంది.

పట్టికపని
ఈ చివరి సంగతి ఎక్కడా చదవలేదు, చాలా ఉపయోగం. ఒక్క ప్రశ్న మిగిలింది. తలసరి ఖర్చు డాలర్లలో ఇవ్వాలా, పీపీపీలోనా (దేశాల మధ్య ధరల తేడాను సర్దిన కొనుగోలు శక్తి లెక్క)?

హారంచూడు
దేశంలోపల వాడుకునే సేవల పరిమాణం పోల్చాలంటే పీపీపీ. నర్సు జీతం ఇక్కడొకటి, జ్యూరిక్‌లో ఇంకొకటి, మారకం రేటుతో డాలర్లలోకి మారిస్తే మన దగ్గర వైద్యం నిజంగా ఉన్నదానికన్నా చాలా తక్కువగా కనిపిస్తుంది. దిగుమతి చేసుకునే యంత్రాలు, టీకాలు, మందుల ముడిసరుకు గురించి రాస్తే మాత్రం మామూలు డాలర్లే వాడాలి, వాటికి విదేశీ కరెన్సీలోనే డబ్బు కట్టాలి. సాధారణ పీపీపీ దేశంలోని అన్ని వస్తువుల ధరల మీద కట్టింది, వైద్యం ధరల మీద మాత్రమే కట్టింది కాదు. కాబట్టి పీపీపీ గడిలో దశాంశాలు తీసేసి దగ్గరి పదికి సర్దండి, ఏ సంవత్సరం ధరలో పక్కన రాయండి.